సన్‌రూఫ్‌లో ఇరుక్కున్న బంగారం

కారు కొనేటప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడిగేవి రెండే రెండు. రంగు ఏది కావాలి, సన్‌రూఫ్ ఉండాలా వద్దా. ఇంజిన్ ఏది, మైలేజీ ఎంత, లోను ఎన్నేళ్ళు అన్నవన్నీ మన దాకా వచ్చేసరికే తేలిపోయి ఉంటాయి. (డౌన్ పేమెంటుకి మన చిట్టీ డబ్బులు ఎత్తిన సంగతి వేరే.) షోరూములో అబ్బాయి కూడా అంతే. ఆయనతో అరగంట ఇంజిన్ గురించి మాట్లాడి, చివర్లో మనవైపు తిరిగి, "మేడమ్, సన్‌రూఫ్ చూడండి, పిల్లలు బాగా ఎంజాయ్ చేస్తారు" అంటాడు.

ఒకప్పుడు అది పెద్దవాళ్ళ కార్లకే ఉండేది. ఇప్పుడు చిన్న కార్లకీ వచ్చేసింది. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో అయితే నోటితో చెప్తే తెరుచుకునే సన్‌రూఫ్. మా కాలనీలో ఈ మధ్య కొన్న కార్లు చూస్తే సన్‌రూఫ్ లేని కారు వెతుక్కోవాలి. బాగానే ఉంది. కానీ మన కోసం, పిల్లల కోసం అని కొన్న ఆ అద్దం ఒకరోజు మూసుకోకుండా మొరాయించిందనుకోండి, అప్పుడు మనతో అనే మాట ఒకటే. "నువ్వు జర పక్కకి జరుగు."

పక్కకి జరగొద్దు అంటాను నేను. ఎందుకంటే ఆ సన్‌రూఫ్ బాగు చేసే పనిలో ముప్పాతిక భాగం మనం రోజూ ఇంట్లో చేసే పనే. నమ్మరు కదా? మొన్న జనవరిలో మేడారం దారిలో చూసిందే చెప్తాను.

మాది హన్మకొండ. ఈసారి జాతర జనవరి 28 నుంచి 31 దాకా. ఆ నాలుగు రోజుల రద్దీలో చిన్నపిల్లలతో పోలేమని, సంక్రాంతి సెలవుల్లోనే ముందస్తు మొక్కు తీర్చుకుందామని బయల్దేరాం. మా మరిది కొడుక్కి ఐదేళ్ళు. వాడు పుట్టినప్పుడు మా అత్తమ్మ మొక్కుకున్న నిలువెత్తు బంగారం ఇంతవరకు అట్లనే ఉండిపోయింది. మేడారంలో బంగారం అంటే బెల్లమని మనకి చెప్పక్కర్లేదు గానీ, దూరదేశాల్లో ఉండి చదివే చెల్లెళ్ళ కోసం చెప్తున్నా. మనిషిని తూకంలో కూచోబెట్టి అంత బరువు బెల్లం తల్లులకి సమర్పిస్తాం. వాడు పదిహేడు కిలోలు తూగాడు.

పొద్దున్నే ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాం. మేడారం పోయే బండి ఏదైనా అక్కడ ఆగాల్సిందే కదా. కారుకి కూడా పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండ వేశారు. అక్కడి నుంచి మొదలైంది సన్‌రూఫ్ పండగ. మరిది కొడుకు, మా చిన్నది ఇద్దరూ సీటు మీద నిలబడి తలలు బయట పెట్టారు. నేను వద్దన్నాను. "జాతరకి పోతున్నం వదినే, పిల్లలు సంబురపడుతున్నరు, పోనియ్" అన్నాడు మరిది. అత్తమ్మ కూడా వాళ్ళ వైపే. పస్రా దాటి అడవిలోకి మళ్ళాక టేకు చెట్ల కొమ్మలు రోడ్డు మీదికి వంగి కనబడితే నేనే పిల్లల్ని కిందికి లాగి కూచోబెట్టాను. ఏడుపులు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, దాని మీద నాకు చాలా చెప్పేది ఉంది.

జంపన్నవాగులో స్నానాలు, గద్దెల దగ్గర మొక్కు, చెట్టు కింద వంట, అన్నీ అయ్యేసరికి సాయంత్రం. తిరిగి వచ్చేటప్పుడు పిల్లల చేతుల్లో బంగారం ముక్కలు. పార్కింగ్ పొలంలో నుంచి కార్లు కదలడానికే గంట పట్టింది. ఆ గంటా మళ్ళీ వాళ్ళు పైనే, బెల్లం కొరుక్కుంటూ. పొద్దుగూకి చలి మొదలయ్యాక మా ఆయన మీట నొక్కితే అద్దం ముందుకొచ్చింది, ముప్పావు దాకా వచ్చి ఆగి, మళ్ళీ వెనక్కి పోయింది. ఇంకోసారి నొక్కారు. మళ్ళీ అంతే. మేడారం నుంచి పస్రా దాకా నెత్తి మీద ఆకాశంతోనే వచ్చాం. మరిది కొడుక్కి అసలే ఆయాసం, నా చున్నీ తలకి చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ముందర ఇసుక లారీలు, వాటి వెనక దుమ్ము. ఇల్లు చేరాలంటే ఇంకా గంటన్నర. చేరినా, రాత్రంతా వీధిలో పైకప్పు తెరిచి కారు పెట్టుకోలేం కదా.

పస్రాలో ఒక టీ హోటల్ ముందు ఆపారు. మగవాళ్ళిద్దరూ దిగి చేసిన మొదటి పని, అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు గుంజడం. పక్కన పంక్చర్ షాపు మనిషి కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు. "మోటర్ బోయింది సార్, మీది కప్పంత ఇప్పాలె" అని తేల్చేశాడు. మా మరిదికి ఇంకో ఆలోచన వచ్చింది. ఫోను ఆగిపోతే స్విచాఫ్ చేసి ఆన్ చేస్తాం కదా, అట్లనే అని, పానా అడిగి తీసుకుని బ్యాటరీ వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. దాంతో అంతకుముందు ముప్పావు దాకా వచ్చే అద్దం ఇప్పుడు వేలెడు కదిలి ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి అడుగుతాను. మీ ఇంట్లో మిక్సీ తిరగలేదనుకోండి. మీరేం చేస్తారు? ముందు చెవి పెడతారు. గుర్రుమని చప్పుడు వస్తోందా, అసలు ఏ చప్పుడూ లేదా? చప్పుడు వస్తూ తిరగకపోతే జార్‌లో ఏదో అడ్డం పడింది. చప్పుడే లేకపోతే ప్లగ్గు చూస్తారు, స్విచ్ చూస్తారు, ఆ తర్వాత మిక్సీని పక్కకి వంచి కింద ఉండే ఎర్ర బటన్ నొక్కుతారు. ఎవరు నేర్పారు మనకి? ఎవరూ నేర్పలేదు. రోజూ వాడే వాళ్ళకి వస్తుంది. సన్‌రూఫ్‌కీ మొదటి ప్రశ్న అదే. మీట నొక్కితే పైన చప్పుడు వస్తోందా?

ఏ చప్పుడూ లేకపోతే కరెంటు అందట్లేదని. కారు తాళం ఆన్‌లో ఉందో లేదో చూడాలి, చాలా కార్లలో ఆన్‌లో లేకపోతే మీట పనిచెయ్యదు. తర్వాత ఫ్యూజు. ఏ ఫ్యూజు సన్‌రూఫ్‌దో ఫ్యూజు పెట్టె మూత మీదో, కారు పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఫ్యూజు లోపలి సన్నటి తీగ తెగితే కంటికి కనబడుతుంది. కాలిన ఫ్యూజు తీసి అంతే ఆంపియర్ల కొత్తది పెట్టాలి, పెద్దది పెడితే వైరింగు కాలుతుంది. పిల్లలు పదే పదే తెరిచి మూసి ఆడితే వేడెక్కి కాసేపు తనంతట తనే ఆగిపోయే మోటార్లూ ఉంటాయి. పది నిమిషాలు వదిలేస్తే మళ్ళీ కదులుతాయి, మన మిక్సీ లాగే. ఇవన్నీ అయ్యాకా కదలకపోతే అప్పుడు మీటో, మోటారో, వైర్లో. అది మెకానిక్ పని, ఒప్పుకుంటాను.

మాది అది కాదు. చప్పుడు శుభ్రంగా వస్తోంది. అద్దం తెరుచుకోవడం మామూలుగానే ఉంది. మూసేటప్పుడే ముప్పావు దాకా వచ్చి వెనక్కి పోయింది. మోటారు పోతే రానూ రాదు, పోనూ పోదు. అంటే దారిలో ఏదో అడ్డం ఉంది, ఆ అడ్డాన్ని చూసి అద్దం భయపడి వెనక్కి పోతోంది. నిజంగానే భయపడుతుంది. పిల్లల చెయ్యో తలో మధ్యలో ఉంటే నలిగిపోకుండా, ఏదైనా అడ్డు తగిలితే ఆగి వెనక్కి పోయే ఏర్పాటు ఈ సన్‌రూఫ్‌లలో చాలావాటికి ఉంటుంది. దానికి వేలికీ చెత్తకీ తేడా తెలియదు. పట్టాల్లో గట్టిగా ఏది తగిలినా వెనక్కే. అట్లని ఆ ఏర్పాటుని నమ్మి పిల్లల్ని వదిలేయకూడదు. సన్నటి వేళ్ళని అది పసిగట్టకపోవచ్చని కారు పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది.

నేను ఫోను టార్చి వేసి సీటు మీద మోకాళ్ళు వేసుకుని చూశాను. అద్దానికి రెండు పక్కలా సన్నటి పట్టాలు ఉంటాయి, రైలు పట్టాల్లాగ. వాటిలోనే అద్దం జారుతుంది. అవి చూస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. గట్టమ్మ దగ్గర వేసిన దండలోని బంతిపూల రెక్కలు, కొబ్బరి పీచు, మేడారం దుమ్ము. వీటన్నిటినీ కలిపి ముద్ద చేసి అతికించినట్టు, బంగారం. పొద్దంతా ఎండకి మెత్తబడి, సాయంత్రం చలికి గట్టిపడ్డ బెల్లం, కుడివైపు పట్టాలో బొటనవేలి గోరంత గడ్డ.

మా ఆయన స్క్రూడ్రైవర్‌తో గీకుతానన్నారు. పంక్చర్ షాపాయన ఇంజిన్ ఆయిల్ పొయ్యమన్నాడు, జారిపోతుందట. చూశారా, ఇక్కడే మన చదువు పనికొచ్చేది. బెల్లం పాకం గిన్నెకి అంటుకుంటే అట్లకాడతో గీకుతామా? గీకితే గిన్నె పాడవుతుంది, పాకం పోదు. వేడినీళ్ళు పోసి కాసేపు వదిలేస్తాం. టీ హోటల్ ఆయన్ని అడిగితే గ్లాసుడు వేడినీళ్ళు ఇచ్చాడు. నా రుమాలు అందులో ముంచి, నీళ్ళు కారకుండా గట్టిగా పిండి, ఆ గడ్డ మీద ఉంచి పట్టుకున్నాను. ఉత్తగా నీళ్ళు పోస్తే మాత్రం లోపల వైర్ల మీదికి పోతాయి, పొయ్యకండి. నాలుగుసార్లు రుమాలు మార్చేసరికి కరిగి వచ్చేసింది. మిగిలిన దుమ్మూ రెక్కలూ పొడిగుడ్డ చుట్టిన అగ్గిపుల్లతో తీశాను. కుట్టుమిషను దంతాల కింద దారప్పోగులు ఎట్లా తీస్తామో అట్లా. పావుగంట పట్టింది.

నూనె సంగతి కూడా చెప్పేస్తాను. ఆ పట్టాలకి ఇంజిన్ ఆయిల్ గానీ కొబ్బరినూనె గానీ అస్సలు పొయ్యకూడదు. జిడ్డుకి దుమ్ము పట్టి నెలకల్లా మళ్ళీ అదే ముద్ద. రబ్బరు కూడా పాడవుతుంది. సిలికాన్ గ్రీజు అని దొరుకుతుంది. పట్టాలు శుభ్రంగా తుడిచాక పలచగా, చాలా పలచగా రాయాలి. చుట్టూ ఉండే రబ్బరు మన కుక్కర్ గాస్కెట్టుకి చుట్టమే. దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ ఉంటే చాలాకాలం మెత్తగా ఉంటుంది.

పట్టాలు శుభ్రమయ్యాయి గానీ అద్దం ఇంకా వేలెడు వేలెడే కదులుతోంది. ఇది బ్యాటరీ వైరు పీకిన ఫలితం. అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ మోటారు గుర్తుపెట్టుకుంటుందట. కరెంటు పోతే చాలా కార్లలో ఆ గుర్తు పోతుంది. మళ్ళీ నేర్పాలి. ఇదంతా నాకెట్లా తెలిసిందంటే, కారు పుస్తకం చదివి. ముందు సీటు ఎదురుగా అరలో, కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉంది. మూడేళ్ళయింది మేం కారు కొని!

మా కారుకి రాసి ఉన్న పద్ధతి ఇది. ఇంజిన్ నడుస్తూ ఉండాలి. అద్దం పూర్తిగా మూసుకునేదాకా మీటని ముందుకు నొక్కుతూ తీసుకురావాలి. మూసుకున్నాక వదిలి, మళ్ళీ అదే వైపు పది సెకన్ల పైన నొక్కి పట్టుకోవాలి. అద్దం కొంచెం కదిలి ఆగుతుంది. అప్పుడు వదిలి, వెంటనే మళ్ళీ నొక్కి పట్టుకుంటే అద్దం తనే పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటుంది. అది అయ్యేదాకా వేలు తీయకూడదు. తీస్తే మళ్ళీ మొదటికే. ఆ సేపంతా పిల్లల్ని కారు దింపేయాలి, ఎందుకంటే అద్దం నేర్చుకునేటప్పుడు ఇందాక చెప్పిన భయం దానికి ఉండకపోవచ్చు. మీ కారుకి సెకన్లూ, మీటా వేరేగా ఉండొచ్చు కాబట్టి మీ పుస్తకం మీరు చూసుకోండి. మాకు రెండోసారికి కుదిరింది. టప్పున మూసుకుంది.

మా ఆయన "నేను కూడా అదే అనుకున్నా" అన్నారు. సరే.

ఆ రాత్రి మూసుకోకపోయి ఉంటే ఏం చేయాలో కూడా చూసిపెట్టుకున్నాను. కొన్ని కార్లలో, ముఖ్యంగా పాతవాటిలో, లోపలి లైటు దగ్గర మూత తీస్తే ఆరు పలకల పానా పెట్టి చేత్తో తిప్పి మూసే వీలుంటుంది. అది లేని కార్లలో మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు తలుపుల్లో నుంచి లోపలికి తీసి, టేపు వేసి, మెల్లగా ఇంటికి పోవడమే. చేతులతో గుంజితే మాత్రం లోపలి తీగలు పక్కకి జరిగి, అద్దం ఒంకరపోయి, నిజంగానే కప్పు విప్పాల్సి వస్తుంది. తర్వాత ఓ షెడ్డులో ఊరికే అడిగి చూశాను, కప్పు దింపి మోటారు మార్చడానికి ఎంతవుతుందని. "పదిహేను వేలు పక్కన పెట్టుకోండి మేడమ్" అన్నాడు. గ్లాసుడు వేడినీళ్ళతో పోయేదానికి.

నాకు ఆ పదిహేను వేల కన్నా కోపం తెప్పించింది ఆ పుస్తకం. నాలుగు వందల పేజీలు, అంతా ఇంగ్లిషు. మా పెద్దమ్మాయి పక్కన కూచుని కొన్ని మాటలు విడమరిచి చెప్తే గానీ నాకు పూర్తిగా తలకెక్కలేదు. వెయ్యి రూపాయల కుక్కరు కొంటే తెలుగులో కాగితం పెడతారు, గాస్కెట్టు ఎట్లా కడగాలో బొమ్మలు వేసి మరీ. పది లక్షలు పెట్టి కారు కొంటే మన భాషలో నాలుగు పేజీలు ఇవ్వరు. మన ఊళ్ళల్లో కార్లు నడిపే వాళ్ళలో ఎంతమంది అంత ఇంగ్లిషు చదువుకుంటూ కూచుంటారు? అమ్మేటప్పుడు మాత్రం తెలుగులోనే అమ్ముతారు, ఒక్క ఇంగ్లిషు ముక్క రాకపోయినా సన్‌రూఫ్ గొప్ప అర్థమయ్యేట్టు చెప్తారు. ఈసారి షోరూముకి పోతే రంగు సంగతి తర్వాత, తెలుగు పుస్తకం ఉందా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాళ్ళకి పెడతారేమో. అప్పటిదాకా ఇంట్లో ఇంగ్లిషు చదివే పిల్ల ఉంటే ఓ ఆదివారం కూచోబెట్టి, ఫ్యూజు పెట్టె ఎక్కడ, టైరు గాలి ఎంత, సన్‌రూఫ్ మొరాయిస్తే ఏం చేయాలి, ఈ మూడూ తెలుగులో ఒక కాగితం మీద రాయించుకుని అదే అరలో పెట్టుకోండి. నేను రాసిపెట్టాను. ఆయన చూడరనుకోండి. నేను చూస్తాను.

ఇప్పుడు పిల్లల్ని సన్‌రూఫ్‌లో నిలబెట్టే సంగతి.

అత్తమ్మతో నాకు దీని మీద ఇప్పటికీ వాదనే. "మేము మేడారం ఎడ్లబండ్ల పోయినం. కప్పు లేదు, గిప్పు లేదు. పిల్లలు బండి అంచుల మీద కూసునేటోళ్ళు. ఏమైంది?" అంటుంది. ఆవిడ చెప్పేది నిజమే. దారిలో రెండు రాత్రులు ఆగి, చెట్ల కింద వండుకుని పోయిన రోజులు ఆవిడవి. వింటుంటే నాకు కూడా ఆశ పుడుతుంది. కానీ ఎడ్లబండి మనిషి నడకతో సమానంగా పోతుంది. కారు మెల్లగా పోతున్నాం అనుకునే నలభై కిలోమీటర్ల వేగంలో కూడా సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. ముందర ఒక మేక అడ్డొచ్చి బ్రేకు వేస్తే కారు ఆగుతుంది, పైన నిలబడ్డ పిల్ల ఆగదు. ఆ అద్దం చట్రం అంచు సరిగ్గా పక్కటెముకల దగ్గర ఉంటుంది. సీటు బెల్టు లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు.

అదొక్కటే కాదు. కొమ్మలు, కిందికి వేలాడే వైర్లు, ఊరి మొదట్లో కట్టే స్వాగత తోరణాలు. సంక్రాంతి రోజుల్లో అయితే గాలిపటాల మాంజా. చైనా మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ప్రతి జనవరిలో మెడలు కోసుకున్న వార్తలు వస్తూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో బెంగళూరులో సన్‌రూఫ్‌లో నుంచి తల బయట పెట్టిన పిల్లవాడికి, పెద్ద బండ్లు పోకుండా రోడ్డుకి అడ్డంగా కట్టిన ఇనుప కమ్మీ తలకి తగిలింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. కారులో ఉన్న పెద్దవాళ్ళకి కమ్మీ కనిపించే ఉంటుంది, కారు దాని కింద పట్టేస్తుంది కాబట్టి ఆపాలని తట్టి ఉండదు. పైన పిల్లవాడు ఉన్నాడన్నది కింద కూచున్నవాళ్ళ లెక్కలోకి రాదు, నేను భయపడేది అదే.

చట్టం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యికి భయపడేవాళ్ళెవరు? మన ఇళ్ళల్లో జరిమానా కంటే గట్టిగా పనిచేసేది తల్లి మాట, కానీ ఆ మాట అన్నప్పుడు "పండగపూట గొణుగుడు" అంటారు. అననివ్వండి. మా ఇంట్లో ఇప్పుడు తాళం ఆన్ చేయగానే పిల్లలు కూచుని బెల్టు పెట్టుకున్నాకే అద్దం తెరవాలి, అది కూడా గాలి కోసమే. తలలు బయటికి వస్తే అద్దం మూసేస్తాం అని చెప్పకూడదు, అది ప్రమాదం. కారు ఆపేస్తాం. మొదటి వారం మూడుసార్లు ఆపాల్సి వచ్చింది. మరిది ఒకసారి విసుక్కుని ఆటోలో పోయాడు.

అట్లని సన్‌రూఫే వద్దంటారా అని ఒక చెల్లెలు అడిగింది. మన ఎండలకి అది ఎంత అవసరమో మీకే తెలుసు. మే నెల మధ్యాహ్నం ఆ అద్దం కింద కూచుంటే నడినెత్తి మాడిపోతుంది, లోపలి తెర లాక్కుని కూచోవడమే. కానీ వేసవి తెల్లవారుజామున, శీతాకాలం మధ్యాహ్నం, తాడ్వాయి అడవిలో కాస్త తెరిచి మెల్లగా పోతుంటే వచ్చే ఆ వాసన నాకు ఇష్టమే. ఉన్నదాన్ని చూసుకోవాలి, అంతే.

చూసుకోవడం అంటే వానాకాలం ముందు ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. సన్‌రూఫ్ రబ్బరు నీళ్ళని పూర్తిగా ఆపదు. కొన్ని నీళ్ళు లోపలి చట్రంలోకి దిగుతాయి, దిగేట్టుగానే చేస్తారు. అక్కడి నుంచి మూలల్లో ఉండే సన్నటి గొట్టాల ద్వారా, కారు స్తంభాల లోపల నుంచి కిందికి పోతాయి. బాల్కనీలో తూము లాంటివే. తూములో ఆకు అడ్డం పడితే బాల్కనీ నిండినట్టు, ఆ గొట్టాల్లో దుమ్ము గడ్డకడితే నీళ్ళు కారు కప్పులోకి, అక్కడి నుంచి సీట్ల మీదికీ కాళ్ళ కింది కార్పెట్టులోకీ దిగుతాయి. ముందు ముక్కవాసన వస్తుంది, తర్వాత వైర్లు పాడవుతాయి. మన వైపు వానలు ఎట్లా ఉంటాయో వేరే చెప్పాలా? 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వరదలోనే జంపన్నవాగు పొంగి, మేడారానికి గోవిందరాజులు బయల్దేరే కొండాయి ఊరు మునిగింది.

పరీక్ష చాలా తేలిక. కారుని చదునైన చోట పెట్టి, అద్దం తెరిచి, చట్రం మూలలో అరగ్లాసు నీళ్ళు మెల్లగా పొయ్యాలి. కాసేపటికి ఆ వైపు చక్రం దగ్గరో, తలుపు కిందనో నేల మీద నీళ్ళు కారాలి. కారితే ఆ గొట్టం బాగున్నట్టు. ఒక్కో మూలా విడిగా చూడాలి. కారకపోతే ఇంకా పొయ్యకుండా అక్కడితో ఆపాలి. మెత్తటి నైలాన్ తీగ ఏదైనా మెల్లగా దూర్చి మట్టి కదిలించవచ్చు గానీ, గాలి మిషనుతో గట్టిగా కొట్టించకండి. లోపల గొట్టం ఊడిపోతే కప్పు విప్పితే గానీ కనబడదు.

మృగశిర దగ్గరకొస్తోందని నిన్న మా కారుకి నాలుగు మూలలా పోసి చూశాను. ముందు రెండూ బాగున్నాయి. వెనక ఎడమది బాగుంది. వెనక కుడివైపు, బెల్లం ఇరుక్కున్న పట్టా ఉన్న వైపే, ఒక్క చుక్క రాలేదు. తీగ ఓ జానెడు పోయి ఆగిపోతోంది. అక్కడ కూడా బంగారమే ఉందో, ఉత్త మట్టే ఉందో తెలియదు. ఆదివారం గోరువెచ్చని నీళ్ళు చెంచాతో పోసి చూస్తాను. కరిగితే బంగారమే.